మంగళవారం బదులు, ఒక బెల్లం పెనం

ఈ ప్రయాణానికి మూలం ఒక పోస్టుకార్డు. మా చిన్నవాడు నూకరాజు అనకాపల్లిలో బెల్లం వండే పెనాలు చేసే కొట్టు పెట్టి ఎనిమిది నెలలు దాటింది. ఇన్నాళ్లలో వాడు నాకు రాసినవి మూడే మూడు కార్డులు. మూడోది మొన్న కార్తీకంలో వచ్చింది. "నాన్నా, మొదటి పెద్ద పెనం అయిపోవచ్చింది. కె. కోటపాడు రైతు ఒకాయన మంగళవారం వచ్చి చూసి, బాగుంటే పట్టుకెళ్తానన్నారు. ఆయన తీసుకుంటే ఆ పక్క ఊళ్లవాళ్లు కూడా తీసుకుంటారు. అది కారిందంటే మాత్రం ఇక నా పెనం ఎవరూ ముట్టుకోరు, కొట్టు మూసి ఇంటికి వచ్చెయ్యడమే. నువ్వు తప్పకుండా రా. మంగళవారం మా బదులు రోజు కూడా. ఇమాం బాబాయి నిన్ను చూడాలంటున్నారు." ఇదీ కార్డు.

నేను చదివింది అయిదో తరగతి. అయినా ఆ కార్డు ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పొలానికి వెళ్తూ పంచె మడతలో పెట్టుకున్నాను, కనిపించిన ప్రతివాడికీ చదివి వినిపించాను. నా కొడుకు పెనం చేశాడు, దాన్ని చూడడానికి కోటపాడు నుంచి మనిషి వస్తున్నాడు, అంతకంటే ఏం కావాలి నాకు. గుండె పొంగిపోయిందంటే నమ్మండి. కానీ చదివిన ప్రతిసారీ ఆ 'ఇమాం బాబాయి' దగ్గర నా కన్ను ఆగిపోయేది. మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాను. 'నాన్నా' అని మూడుసార్లు ఉంది. 'ఇమాం బాబాయి' అని ఏడుసార్లు ఉంది.

మన పఠనమందిరం కుర్రాళ్లు ఈ లిఖిత పత్రికకి ఏదైనా ప్రయాణం గురించి రాసిమ్మన్నారు. పెనం కొనడానికో, అక్కడ పని పెట్టుకున్న పిల్లల్ని చూడడానికో మనవాళ్లు ఆ దారిన వెళ్తూనే ఉంటారు కాబట్టి బస్సులూ ఖర్చులూ కూడా రాస్తున్నాను. కొన్ని మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది. అవీ రాస్తాను.

నాతవరంలో మొదటి బస్సు ఆరింటికి. నర్సీపట్నానికి ముప్పై అయిదు పైసలు. అక్కడ ఏడుంపావుకి అనకాపల్లి బస్సు దొరుకుతుంది, టిక్కెట్టు రూపాయి పది పైసలు. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదని ఎవరో చెబితే కూర్చున్నాను, మాకవరపాలెం దాటేవరకూ మొహం మీదే కొట్టింది. మీరు కుడివైపు కూర్చోండి. కాళ్ల దగ్గర మా ఇంటిది బెల్లప్పాకంతో చేసి కట్టిచ్చిన పోకుండల డబ్బా. కండక్టరు దాన్ని చూసి ఆగాడు.

"తాతా, ఏటది?"

"పోకుండలు. మావోడికి. అనకాపల్లిలో ఫ్యాక్టరీ ఎట్టేడు."

"ఫ్యాక్టరీయే? ఎంతమంది సేత్తన్నారేటి?"

"ఒకడు."

బస్సంతా నవ్వింది. "ఒకడైతే ఫ్యాక్టరీ ఏటి తాతా" అన్నాడు కండక్టరు.

"ఇప్పటికి ఒకడు" అన్నాను. నాకు ఆ రోజు ఎవరు నవ్వినా పన్నీరు చల్లినట్టే ఉంది. కండక్టరుకి రెండు పోకుండలు కూడా ఇచ్చాను.

తాళ్లపాలెం దాటాక కశింకోట వరకూ దారి పొడుగునా చెరుకే. ఆ పచ్చదనం చూస్తూ ఉంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. పెనం కారితే మావాడు ఇంటికి వచ్చేస్తాడు కదా అని. వస్తే మళ్లీ నా పక్కన గానుగ దగ్గర ఉంటాడు, పాకం ఎప్పుడు దించాలో నన్నే అడుగుతాడు, ఇమాం బాబాయి ఉండడు. ఆ ఆలోచనని తోసేశాను. శారద నది వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది.

తొమ్మిదింపావుకి అనకాపల్లిలో దిగాను. స్టాండు ఎదురుగా టీ పది పైసలు, బాగానే ఉంది. బెల్లం మార్కెట్టు వెనక సందుకి జట్కా అయితే పావలా తీసుకుంటాడు. నడిచినా ఇరవై నిమిషాలే, కానీ నాకు అప్పుడు కాలు నిలవడం లేదు. పెనాల కొట్టు అంటే జట్కావాడికి తెలియలేదు. గుర్తులు చెప్పాను.

"అదా. ఇమాం సాయిబు బదులోళ్ల కాడికని సెప్పరాదా, ఎప్పుడో తీసికెళ్దును" అన్నాడు.

నా ఒళ్లు మండింది. బదులు ఇమాం సాయిబుది ఎప్పుడైంది? చెరుకు పండించే మనందరికీ బదులంటే ఏమిటో తెలుసు. నీ గానుగ ఆడిన రోజు నేనూ నా ఎడ్లూ వస్తాం, నా గానుగ ఆడిన రోజు నువ్వూ నీ ఎడ్లూ వస్తారు, కూలి అన్న మాట లేదు. పని ఎవరిదైతే వాడికి ఆ పూట నోరు లేదు. సాయానికి వచ్చి చెయ్యి వేసినవాళ్లదే మాట. పనిగలవాడు కట్టెలు మొయ్యాలి, నీళ్లు తేవాలి, అందరూ తిన్నాక తినాలి. అలా ఉంటేనే మళ్లీ పిలిస్తే మనిషి వస్తాడు. నూకరాజు ఏడేళ్లప్పుడు గానుగ చుట్టూ ఎడ్లు తోలుతూ ఇది నా దగ్గర నేర్చుకున్నాడు. పట్నంలో దానికి ఇంకొకరి పేరు పెట్టారు.

మావాడి కొట్టంటే నాలుగు రాటలూ పైన రేకులూ, ఒక మూల కొలిమి. మధ్యలో ఇటుకల మీద ఎత్తి పెట్టిన పెనం. ఆరడుగుల వెడల్పు, నల్లగా, నిండుగా, కొత్త పెళ్లికూతురిలా ఉంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కకి చూస్తే మావాడు కొలిమి తిత్తి కొడుతున్నాడు, చెమటలు కారుతున్నాయి. వాడి నెత్తిన నిలబడి ఒక తెల్లగడ్డం మనిషి, "బేగి ఊదు, నిద్దరోతన్నావేటి" అంటున్నాడు. ఆ కొట్టుకి యజమాని నా కొడుకు, వాడి చేతే తిత్తి కొట్టిస్తున్నాడు. ఆయనే ఇమాం సాహెబు. నా ఈడు మనిషే, నాకంటే నిటారుగా ఉన్నాడు.

మావాడు నన్ను చూసి, "నాన్న వచ్చేడు బాబాయా" అని ఆయనకి చెప్పాడు. ముందు ఆయనకి చెప్పాడు, తరవాత నా కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"రండన్నా. మీకోసమే సూత్తన్నాం" అన్నాడు ఆయన. నేను తల ఊపాను, అంతే.

పైడమ్మ అనే ఆమె నాకు ముక్కాలిపీట వేసింది. బట్టల సబ్బు తయారుచేస్తుంది, నలభై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. నా మొహం చూసే కనిపెట్టింది. "బాబాయా, మీవోడి సేత పని సేయిత్తన్నామని కోపమొచ్చిందేటి? ఇయాళ ఆడికి నోరు నేదు. బదులు కదా. పోయిన మంగళారం నాకు నేదు. నా సబ్బు బాగా గట్టిపడనేదని ఈ కామేశం గుంటడు నా మొహం మీదే సెప్పేడు."

కామేశం అంటే పాతికేళ్ల కుర్రాడు. బడి పంతులుగిరీ వదిలేసి సుద్దముక్కలు చేసి బళ్లకి అమ్ముతున్నాడు. "సబ్బు సుద్దలాగుంటే మరేటి సెప్పమంటావు" అన్నాడు.

వాళ్ల సంగతి పైడమ్మే చెప్పుకొచ్చింది. నలుగురూ ఒకరి తరవాత ఒకరు కొత్తగా పని మొదలెట్టినవాళ్లు. ఇమాం సాహెబుది నూనె డబ్బాల పని, అదీ రెండేళ్లదే. అంతకుముందు ఒకరి కింద చేసేవాడట. మార్కెట్టులో పాతకాపులు వీళ్లని చూసి నవ్వేవాళ్లు. వానాకాలం పైడమ్మ పాక పడిపోతే, పక్కవాళ్లు చూస్తూ నిలబడితే, నూకరాజు వెళ్లి రాట పట్టుకున్నాడట. మిగతా ఇద్దరూ అది చూసి వచ్చారు. అప్పటినుంచి మంగళవారం మధ్యాహ్నం వరకూ ముగ్గురు తమ కొట్లు మూసి నాలుగోవాళ్ల కొట్లో పనిచేస్తారు. కామేశానికి సుద్ద పోసే అచ్చులు ఇమాం సాహెబు రేకుతో కోసి ఇచ్చాడు. ఒకరి దగ్గరికి వచ్చిన గిరాకీని ఇంకొకరి దగ్గరికి పంపిస్తారు. ఎవరికి పని చెడినా దాచకుండా చెప్పుకుంటారు. అదే అసలు కష్టమట.

నేను వింటూనే ఉన్నాను. సంతోషం పట్టలేకపోయాను, అసూయా పట్టలేకపోయాను. నాకు ఆ వయసులో గానుగ పగిలినప్పుడు ఇలాంటి ముగ్గురు ఉన్నారా? ఊళ్లో బదులు ఉంది, కానీ కొత్త పని మొదలెట్టినవాడికి తోడు నిలబడే మనిషి లేడు. మావాడికి ఉన్నారు. నేను లేకుండానే ఉన్నారు.

పదిన్నరకి పెనం నిండా నీళ్లు పోశారు. సబ్బవరం మీదుగా వచ్చే బస్సులో కోటపాడు రైతు దిగుతాడని నూకరాజు స్టాండుకి పరిగెత్తాడు. వాడు సందు మలుపు తిరిగాడో లేదో, కామేశం వంగి చూసి, "సాయిబుగారూ, ఇక్కడ సెమ్మ" అన్నాడు. నిజమే. పెనం పక్కగోడకి, అడుగు నుంచి జానెడు పైన, రేకులు కలిపి బిగించిన రెండు రివిట్ల దగ్గర చుక్క తరవాత చుక్క కారుతోంది.

ఇమాం సాహెబు మొహం వాడిపోయింది. కానీ చేతులు ఆగలేదు. "కుర్రోడు వచ్చేసరికి అయిపోవాల. ఆణ్ణి బెంగపెట్టకండి" అని నీళ్లు తోడించేశాడు, తన కొట్టు నుంచి సీసం తెప్పించాడు, కొలిమిలో కడ్డీ కాల్చి, సీసం కరిగించి ఆ రెండు చోట్లా మాటు వేసేశాడు. డబ్బాలకి వేసి వేసి ఉన్న చెయ్యి, చూడముచ్చటగా వేశాడు. మళ్లీ నీళ్లు పోశారు. ఒక్క చుక్క లేదు. పైడమ్మ చప్పట్లు కొట్టింది.

"నిప్పు మీద సీసం ఆగుతాదా?" అని కామేశం ఒక్కడే అడిగాడు.

"లోపల రసముంటే కరగదురా. టీ కేటిలు సూడనేదా" అన్నాడు ఇమాం సాహెబు.

ఆ మాట నిజమే, కేటిలుకి. బెల్లం పెనానికి కాదు. రసం నిండుగా ఉన్నంతసేపూ మాటు ఆగుతుంది. రసం ఉడికి ఉడికి పాకమయ్యేసరికి అడుక్కి దిగిపోతుంది. అప్పుడు పక్కగోడ ఖాళీ. మంట దాన్ని నాకుతుంది, సీసం నీరైపోతుంది. తరవాత పోసిన రసమంతా పొయ్యిలోకే. ఇది డబ్బాలు చేసేవాడికి తెలియదు, సుద్ద చేసేవాడికి తెలియదు. నలభై ఏళ్లు పాకం దించిన నాకు తెలుసు.

నేను నోరు విప్పలేదు. చెయ్యి వెయ్యనివాడికి మాట లేదు కదా, నేను చుట్టాన్ని కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇమాం బాబాయి మాటు నా కొడుకు కళ్ల ముందు కరగాలని ఉంది నాకు. కోటపాడులో కరిగితే మావాడు ఇంటికి వస్తాడని కూడా ఉంది. భోజనం వంక పెట్టి లేచి బజారులోకి వెళ్లిపోయాను. మార్కెట్టు ఎదుట హోటల్లో భోజనం డెబ్బై అయిదు పైసలు, అన్నం ఎంత పెట్టించుకున్నా అంతే, వంకాయ కూర బాగుందని పక్కాయన అంటున్నాడు. నాకు రుచి తెలియలేదు. మజ్జిగ దాకా రాకుండానే చెయ్యి కడిగేశాను.

తిరిగి వెళ్లేసరికి కోటపాడు రైతు వచ్చేశాడు. పరదేశినాయుడని, తలపాగా, చేతిలో కర్ర, తక్కువ మాటల మనిషి. పెనం చుట్టూ తిరిగాడు, కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. మావాడు నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"నాయుడుగారూ, ఈయనే మా నాన్న. నాతవరం సుట్టుపక్కల పాకం సూడ్డంలో ఈయన తరవాతే ఎవరైనా. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నారు, పెనం అంతా సూసేరు. ఈయన బాగుందంటే ఇంక మీరు నన్ను అడగక్కర్నేదు."

పరదేశినాయుడు నా వైపు తిరిగాడు. "ఏటంటారు పెద్దాయనా?"

ఎనిమిది నెలలుగా నేను కోరుకున్న మాట అది. నూకరాజు తన కొట్టునీ పేరునీ తీసి నా నోట్లో పెట్టాడు. ఇమాం సాహెబు నోట్లో కాదు. ఆ నోటితో ఇప్పుడు ఏం చెప్పాలి?

"నీళ్లు తోడేయండి. అడుగున నాలుగు బిందెలు ఉంచండి. కింద మంట ఎట్టండి" అన్నాను.

కామేశం నవ్వాడు. "తాతా, సెయ్యి ఎయ్యనోడికి మాట నేదు. బదులు కదా."

చొక్కా విప్పి రాటకి తగిలించాను. పంచె ఎగగట్టి, పక్క సందులో పైడమ్మ సబ్బు వండే చోటు నుంచి కట్టెలు మోసుకొచ్చాను, మూడు మోపులు. ఇటుకల మధ్య పేర్చి నేనే అంటించాను. నూకరాజు నన్నే చూస్తున్నాడు, ఏమీ అర్థం కాక. మంట అడుగు దాటి పక్కగోడ మీదికి పాకింది. కాసేపటికి రెండు రివిట్ల దగ్గర వెండి చుక్క ఒకటి మెరిసింది, జారింది, నిప్పుల్లో పడింది. వెనకే ఇంకొకటి.

"ఏటిది?" అన్నాడు పరదేశినాయుడు.

నూకరాజు నోరు తెరిచేలోగా ఇమాం సాహెబు ముందుకి వచ్చాడు. "సీసం. నేనేసేను. కుర్రోడు మీకోసం స్టాండుకి ఎల్లినప్పుడు ఏసేను, ఆడికి తెలీదు. తప్పు నాది."

అలా చెప్పగలనా నేను, అనుకున్నాను. ఆ క్షణంలో ఆయన మీద ఇంకా ఎక్కువ కుళ్లు వచ్చింది.

పరదేశినాయుడు కర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "నా బస్సు నాలుగున్నరకి. అంతలో బాగుసేత్తే సూత్తాను" అని పీట మీద కూర్చున్నాడు.

పెనం దించి, ఆర్చి, పక్కకి ఒరిగించారు. రివిట్టు బిగించాలంటే లోపల ఒకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, బయట ఒకరు సుత్తితో కొట్టాలి. నేను పెనం లోపల కూర్చుని దిమ్మ పట్టుకున్నాను. బయట నూకరాజు. ఇమాం సాహెబు తిత్తి కొట్టి రివిట్లు ఎర్రగా కాల్చి అందించాడు. దెబ్బ దెబ్బకీ పెనం గుడిగంటలా మోగింది, నా పళ్లు కదిలిపోయాయి. మధ్యలో మావాడు ఆగి, "నాన్నా, గట్టిగా ఆనించు" అన్నాడు. కసిరినట్టే అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో.

నాలుగు కాకముందే మళ్లీ మంట పెట్టాం, పక్కగోడ బాగా కాలేదాకా. తరవాత చల్లార్చి నిండా నీళ్లు పోశాం. పరదేశినాయుడు అరచెయ్యి పెట్టి నాలుగుసార్లు తడిమాడు, చెయ్యి పొడిగా ఉంది. "ఎల్లుండి బండి తోలుకొత్తాను. మా ఊళ్లో ఇంకెవరికేనా కావాలంటే ఇటే పంపుతాను. నా ముందర తప్పు ఒప్పుకున్నోళ్లని ఇదే సూడ్డం" అని లేచాడు.

నూకరాజు ఆయన్ని బస్సెక్కించడానికి వెళ్లాడు. ఇమాం సాహెబు నన్ను టీ తాగడానికి పిలిచాడు. గ్లాసు చేతికిచ్చి, నా వైపు చూడకుండా అడిగాడు.

"అన్నా, పొద్దున నేను మాటు ఏత్తన్నప్పుడు నీ మొహం సూసేను. నీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"మరి సెప్పనేదేం?"

అబద్ధం ఆడదామనుకున్నాను. పొద్దుటి నుంచి మాటు వేసి దాచడం చూసీ చూసీ ఇక ఓపిక లేదు. "నువ్వంటే కుళ్లు" అన్నాను.

ఆయన టీ ఊదుకున్నాడు. "నా కొడుకులిద్దరూ ఇదే ఊళ్లో ఉన్నారు. రెండేళ్లలో ఒక్కడూ నా కొట్టు గుమ్మం తొక్కనేదు. మీవోడు దినమ్మూ మా నాన్న గానుగ కాడ ఇలా సేసీవోడు, మా నాన్న అలా అనీవోడు అంటుంటాడు. ఈ బదులు కూడా అలా సెప్పి మొదలెట్టిందే. ఊళ్లోవోళ్లు నా గడ్డం సూసి నా పేరెట్టేరు. నాకు నీ మీద ఎంత కుళ్లుందో నీకేటి తెలుసు."

ఇద్దరం నవ్వలేదు. టీ మాత్రం ఇంకోటి చెప్పాడు.

"నూకరాజుకి సెప్తావా?" అన్నాను.

"నేనేటి సెప్తాను. ఈ మంగళారం నువ్వు సెయ్యేసేవు కాబట్టి బదులోడివి అయిపోయేవు. వచ్చే మంగళారం నా కొట్లో పని. బేగి బస్సెక్కు."

అయిదున్నర బస్సుకి మావాడు ఎక్కించాడు. పోకుండల డబ్బా నలుగురికీ పంచేశానని తెలిసి, "నాకు రెండే మిగిలేయి" అని గొణిగాడు. బస్సులో నా అరచేతులు చూసుకుంటూ వచ్చాను. రెండు బొబ్బలు. వాటిని చూస్తే పండగలా ఉంది నాకు.

ఇది జరిగి నెల దాటింది. ఇప్పటికి మూడు మంగళవారాలు వెళ్లొచ్చాను. ఇమాం సాహెబు కొట్లో రేకు కత్తిరించడం చేతకాక వేలు కోసుకున్నాను, అక్కడ నాకు మాట ఉందని ఒక డబ్బా మూత వంకరగా ఉందని కూడా చెప్పాను. కొత్త పని పెట్టిన పిల్లలకి మనం ఇవ్వాల్సింది ఏదో ఉందనుకుని మూటలు కట్టుకుని వెళ్తాం. వాళ్లకి కావలసింది వాళ్ల పెనంలో కూర్చుని దిమ్మ పట్టుకునే మనిషి, మాటు చూసినప్పుడు మాటు అని చెప్పే మనిషి. ఆ పని మొదట నాకంటే ముగ్గురు పరాయివాళ్లు బాగా చేశారు. అందుకు వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను, అందుకే వాళ్లని చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండూ నిజమే. ఆ ఉదయం నేను మాట్లాడకుండా కూర్చున్న సంగతి నూకరాజుకి ఇమాం సాహెబు చెప్పలేదు. ఈ పత్రిక వాడికి పంపిస్తారు కాబట్టి నేనే చెప్పినట్టయింది. మొన్న వాడి నాలుగో కార్డు వచ్చింది. చదివేముందు లెక్కపెట్టాను. 'ఇమాం బాబాయి' రెండుసార్లు, 'నాన్నా' రెండుసార్లు.

పెనం కొనడానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. నిండా నీళ్లు పోసి చూపిస్తే సరే అనకండి. అడుగున నాలుగు బిందెలే ఉంచి, కింద మంట పెట్టించి, పక్కగోడ బాగా కాలేదాకా అక్కడే నిలబడి చూడండి. మంగళవారం వెళ్తే కట్టెలు నేనే మోస్తాను.